టీచరుతో ఆ మూడు నిమిషాలు: పేరెంట్స్ మీటింగ్‌కు ముందు, తర్వాత ఏం చేయాలి

పేరెంట్స్ మీటింగ్‌లో ఎక్కువగా వినపడే మాటలు రెండు. "మావాడు ఎట్లా చదువుతున్నాడు సార్?" అని ఇటునుంచి. "పర్వాలేదండీ, ఇంకొంచెం కష్టపడాలి" అని అటునుంచి. తర్వాత రిజిస్టర్లో సంతకం, ప్రోగ్రెస్ కార్డు మీద ఇంకో సంతకం, ఇంటికి. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఎవరికీ కొత్తగా ఏమీ తెలియనూ లేదు.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్తాను కాబట్టి రెండో మాట అనే పక్షం నాది. మా అమ్మాయి చదివే బడికి వెళ్ళినప్పుడు మొదటి మాట అనే పక్షం. రెండువైపులా కూర్చుని చూశాక చెప్తున్నాను: పిల్లవాడి గురించి టీచరుకు తెలిసిన సంగతులు వేరు, ఇంట్లోవాళ్ళకు తెలిసినవి వేరు. ఈ రెండూ ఒకచోట కలవడానికే మీటింగ్. మార్కులు ఎలాగూ కార్డులో ఉంటాయి, వాటికోసం ఒకరోజు కూలి పోగొట్టుకుని రానక్కర్లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబర్ 7న ప్రభుత్వ బడులన్నిటిలో ఒకేరోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు. 2025 జూలై 10న రెండోసారి జరిగింది. ముగ్గుల పోటీలు, ఆటలు, భోజనాలతో పండగ వాతావరణం. మంచిదే, ఎప్పుడూ బడి గడప తొక్కని నాన్నలు కూడా ఆ రోజు వచ్చారు. కానీ అంత సందడిలో మీ అబ్బాయి గురించి కూర్చుని మాట్లాడుకునే తీరిక ఎవరికీ దొరకదు. అందుకే ఆ ఒక్కరోజు మీద ఆధారపడకుండా ఏడాది పొడవునా ఎప్పుడు వెళ్ళాలో, ఏం అడగాలో కింద వరుసగా రాస్తున్నాను. ప్రభుత్వ బడి అయినా ప్రైవేటు అయినా చాలావరకు ఇదే పనికొస్తుంది. తేడా ఉన్నచోట చెప్తాను.

1. జూన్ దాటకముందే ఒకసారి కనపడి రండి

మన దగ్గర బడులు మామూలుగా జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. మొదటి వారం అడ్మిషన్లు, పుస్తకాల పంపిణీ, యూనిఫాం గొడవలతో టీచర్లకు ఊపిరాడదు. రెండో వారం దాటాక వెళ్ళండి. పొద్దున ప్రేయర్ టైములో వెళ్తే అటు ప్రేయరూ పాడవుతుంది, మీ మాటా ఎవరి చెవికీ ఎక్కదు. ముందురోజు డైరీలో "రేపు మీతో పది నిమిషాలు మాట్లాడాలి, ఎప్పుడు రమ్మంటారు?" అని రాసి పంపండి. లీజర్ పీరియడ్ ఎప్పుడో, లేదంటే చివరి బెల్ తర్వాత రమ్మనో టీచరే చెప్తారు.

ఇప్పుడు మార్కుల ఊసెత్తకండి, ఇంకా పరీక్షలే పెట్టలేదు. మీకు మాత్రమే తెలిసినవి చెప్పండి. ఇంట్లో లంబాడీయో, ఉర్దూయో, కోయ భాషో మాట్లాడతారా? పిల్లకి ఫిట్స్, ఆస్తమా, చెవి సమస్య లాంటివి ఉన్నాయా? సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఇంట్లో ఎవరుంటారు? హోంవర్క్ చూసేవాళ్ళు ఉన్నారా, లేరా? లేకపోతే లేరనే చెప్పండి, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఆ సంగతి తెలిస్తే, ఇంట్లో ఎవరి సాయం లేకుండా పిల్ల చేసుకోగలిగిన పనే టీచరు ఇస్తారు. తెలియకపోతే "హోంవర్క్ ఎగ్గొడుతున్నాడు" అనే ముద్ర పడిపోతుంది. ఇంట్లో ఈమధ్య చావో, పెద్ద జబ్బో, విడిపోవడమో జరిగి ఉంటే ఒక్క ముక్కలో చెప్పండి, వివరాలు అక్కర్లేదు.

ఇక ఫోన్ నంబరు. చిన్న విషయంలా కనపడుతుంది గానీ సగం తిప్పలు ఇక్కడే. బడి రికార్డులో చాలామందికి నాన్న నంబరు ఉంటుంది. ఆ నాన్న హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో దుబాయ్‌లోనో పనిలో ఉంటాడు. లేదా ఆ సిమ్ ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. పిల్లకి జ్వరమొచ్చి మధ్యాహ్నం ఫోన్ చేస్తే "స్విచ్ఛాఫ్". నాలుగు రోజులు వరసగా రాలేదని మెసేజ్ పెడితే చూసేవాళ్ళుండరు. కాబట్టి పగటిపూట ఎవరు ఫోన్ ఎత్తుతారో వాళ్ళ నంబరు ఇవ్వండి. రెండోది పక్కింటివాళ్ళదైనా సరే ఇవ్వండి. నంబరు మారిన రోజే బడికి చెప్పండి.

2. మీటింగ్ ముందురోజు రాత్రి: నోటుపుస్తకాలు తెరవండి

లెక్క వేసుకోండి. తరగతిలో నలభై మంది, మీటింగ్ రెండు గంటలు. అందరూ వస్తే తలకు మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాల్లో టీచరు రిజిస్టర్ తిప్పి మీ అమ్మాయి పేరు వెతికేసరికే ఒకటి అయిపోతుంది. మీరు సిద్ధమై వస్తే మిగతా రెండూ పనికొస్తాయి.

సిద్ధం కావడమంటే పెద్ద చదువేమీ అక్కర్లేదు. మీకు కష్టంగా తోచే సబ్జెక్టు నోట్సు ఒక్కటి తీసుకోండి. తేదీలు చూడండి: వరసగా ఉన్నాయా, మధ్యలో వారం ఎగిరిపోయిందా? సగంలో ఆగిన లెక్కలు, ఖాళీ వదిలేసిన పేజీలు ఎక్కడున్నాయి? ఎర్ర ఇంకుతో టీచరు దిద్దినచోట పిల్లవాడు మళ్ళీ చేశాడా, లేక బోర్డు మీది జవాబు దించుకుని ఊరుకున్నాడా? ఒకే రకం తప్పు మూడు నాలుగు చోట్ల కనపడుతోందా? చదువు రానివాళ్ళు కూడా తేదీలూ ఖాళీలూ ఎర్ర గీతలూ చూడగలరు. అనుమానం ఉన్న పేజీ మూల మడిచి ఆ పుస్తకాన్నే మీటింగ్‌కు పట్టుకెళ్ళండి. వందసార్లు అడిగినా రాని సమాధానం ఆ మడిచిన పేజీ చూపిస్తే వస్తుంది.

తర్వాత పిల్లతో పది నిమిషాలు. "రేపు మీ టీచర్ నీ గురించి ఏం చెప్తారనుకుంటున్నావ్?" అని అడిగి ఊరుకోండి. వాళ్ళే చెప్తారు. ఆ చెప్పింది, రేపు టీచరు చెప్పబోయేది ఒకటే అయితే పిల్లకి తన పరిస్థితి తెలుసన్నమాట. రెండూ పొంతన లేకుండా ఉంటే మీరు మాట్లాడాల్సిన సంగతి అదే.

3. మూడు నిమిషాలు ఎలా వాడుకోవాలి

"ఎట్లా చదువుతున్నాడు?" అనే ప్రశ్న ఇంట్లోనే వదిలేసి రండి. దానికి బదులు ఈ మూడు:

ఒకటి, "ఈ సబ్జెక్టులో మావాడికి సరిగ్గా ఎక్కడ ఆగిపోతోంది?" 

రెండు, "క్లాసులో ఎలా ఉంటాడు? అడుగుతాడా, నోరు మెదపడా, ఎవరి పక్కన కూర్చుంటాడు?" 

మూడు, "వచ్చే రెండు వారాల్లో ఇంట్లో మేం చేయాల్సింది ఒక్కటి చెప్పండి."

"ఒక్కటి" అని గట్టిగా అడగండి. టీచర్లం ఊరుకోం, జాబితా చదువుతాం: ఎక్కాలు, చేతిరాత, ఇంగ్లీష్ రీడింగ్, టీవీ తగ్గించడం, పొద్దున్నే లేవడం. అవన్నీ విని ఇంటికెళ్ళినవాళ్ళు ఒక్కటీ చేయరని మాకూ తెలుసు.

ఆ సంభాషణ ఎలా ఉంటుందో ఒకటి చెప్తాను. ఏడో తరగతి అబ్బాయి. లెక్కల్లో వీక్ అని వాడి కార్డు చూస్తే ఎవరైనా అంటారు. వాళ్ళమ్మకు ఊళ్ళో చిన్న కిరాణా కొట్టు ఉంది. ఆమె కూర్చోగానే నోట్సు తెరిచి పెట్టింది.

"ఈ పేజీ అంతా ఎర్ర గీతలే ఉన్నాయి సార్. ఏం తప్పు చేస్తున్నాడు?"

అది పూర్ణ సంఖ్యల పాఠం. మైనస్ ఏడుకు మూడు కలపమంటే మైనస్ పది అని వేస్తున్నాడు. కింద లెక్కలన్నీ అంతే, అంకెలు కలిపేసి ముందు మైనస్ పెట్టేస్తున్నాడు. అదే చెప్పాను.

"మైనస్ అంటే ఏంది సార్?"

"అప్పు అనుకోండమ్మా. ఏడు రూపాయలు అప్పున్నవాడు మూడు కడితే..."

"నాలుగు మిగిలింది. అది వాడికి రాకపోవడమేంది? సాయంత్రం పూట కొట్లో ఖాతా పుస్తకం రాసేది వాడే. ఎవరెంత ఇవ్వాలో నాకంటే వాడికే బాగా తెలుసు."

ఆమెకు ఆ మాట మామూలుది, నాకు కొత్త సంగతి. క్లాసులో ఆ అబ్బాయికి ఖాతా పుస్తకం పద్దులాగా లెక్కలిస్తే సరిపోతుంది. కొట్లో ఖాతా రాసేటప్పుడు అప్పుకు ముందు మైనస్, కట్టినదానికి ముందు ప్లస్ పెట్టమని వాళ్ళమ్మ చెప్తే సరిపోతుంది. రోజుకు ఐదు పద్దులు, రెండు వారాలు. ట్యూషన్ అవసరం లేదు. మైనస్ గుర్తు సంగతి నాకు తెలుసు, ఖాతా పుస్తకం సంగతి ఆమెకు తెలుసు. రెంటిలో ఏ ఒక్కటి లేకున్నా ఆ పిల్లవాడు "లెక్కల్లో వీక్" గానే ఉండిపోయేవాడు.

అందుకే అంటున్నాను, మీరు కూడా ఏదో ఒకటి చెప్పండి. అమ్మాయి ఇంట్లో బొమ్మలు వేస్తుందా, తమ్ముడికి కథలు చెప్తుందా, సైకిల్ విప్పి బిగిస్తుందా, గొర్రెలు లెక్కపెడుతుందా? "అవన్నీ టీచరుకెందుకు" అనుకోకండి.

పిల్లని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. బయట నిలబెట్టి లోపల మాట్లాడుకుంటే తన మీద చాడీలు చెప్పుకుంటున్నారనే అనుకుంటుంది. నిర్ణయించిన ఆ ఒక్క పనిని చివర్లో పిల్ల నోటితోనే చెప్పించండి.

మార్కులను పక్క పిల్లలతో పోల్చి అడగడం వద్దు. "ఫలానా వాళ్ళమ్మాయికి ఎన్నొచ్చాయి?" అంటే మంచి టీచరు చెప్పరు, చెప్పేవాళ్ళు మీ పిల్ల మార్కులు ఇంకొకరికి చెప్పేసి ఉంటారు. పోల్చాలంటే పోయిన పరీక్షతో ఈ పరీక్షను పోల్చండి.

4. "కళ్ళు రెండూ వదిలేసి ఎంతైనా కొట్టండి"

ఈ మాట మన తల్లిదండ్రులు ఎంతో నమ్మకంతో, టీచరును గౌరవిస్తున్నామనే అంటారు. దయచేసి మానేయండి. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని 17వ సెక్షన్ బడిలో కొట్టడాన్ని, మాటలతో హింసించడాన్ని నిషేధించింది. మీరు ఒప్పుకున్నా ఆ పని చట్టబద్ధం కాదు. పైగా పక్కనే నిలబడి వింటున్న పిల్లకి ఆ మాటతో ఒక విషయం ఖాయమైపోతుంది: బడిలో ఏం జరిగినా ఇంట్లో చెప్పి లాభం లేదు. రేపు నిజంగా చెప్పుకోవాల్సింది జరిగినా చెప్పదు.

టీచరు ముందే పిల్లని తిట్టడం, చెవి మెలిపెట్టడం కూడా అంతే. టీచరు ఒక లోపం చెప్పగానే మొహమాటానికో కోపానికో చెయ్యి లేస్తుంది. అది చూసిన టీచరు మరోసారి మీకు నిజం చెప్పడానికి వెనకాడతారు. "చెప్తే ఇంటికెళ్ళాక కొడతారేమో" అని మంచి మాటలతో సరిపెట్టి పంపేవాళ్ళు స్టాఫ్‌రూముల్లో చాలామంది ఉన్నారు.

5. తర్వాతి రెండు వారాలు

అసలు పని ఇక్కడుంది. చాలామంది మీటింగ్‌తో అయిపోయిందనుకుంటారు. బడిలో అనుకున్న ఆ ఒక్క పని ఇంట్లో రోజూ ఒకే టైముకి, పావుగంట. ఎక్కువసేపు వద్దు, నాలుగో రోజుకే విసుగొస్తుంది. రెండు వారాలయ్యాక డైరీలో రెండు లైన్లు రాయండి: "ఖాతా లెక్కలు రోజూ చేస్తున్నాడు. తీసివేతలో ఇంకా తడబడుతున్నాడు. క్లాసులో ఎలా ఉంది?" రాయడం రాకపోతే పిల్ల చేతే రాయించి మీరు సంతకమో వేలిముద్రో వేయండి. అది చూసి జవాబు రాయని టీచరు అరుదు. మేం చెప్పింది ఇంట్లో ఎవరో చేశారని తెలిస్తే మాకు కలిగే సంతోషం మీరు ఊహించలేరు.

మార్పు లేకపోతే ఆ పద్ధతి మార్చమని అడగండి. నెల దాటినా అక్షరాలు తిరగేసి రాయడం, చదివిన వాక్యమే మళ్ళీ చదవలేకపోవడం, బోర్డు కనపడక పక్కవాడి నోట్సులోంచి దించుకోవడం లాంటివి ఉంటే అది బద్ధకం కాకపోవచ్చు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు బడులకు వచ్చి పిల్లలను పరీక్షిస్తాయి, ఈసారి ఎప్పుడొస్తున్నారో హెడ్మాస్టరును అడగండి. చదవడం, రాయడంలో వచ్చే ప్రత్యేక ఇబ్బందిని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాల్లో ఒకటిగా గుర్తించింది. మండల కేంద్రాల్లో ఉండే భవిత కేంద్రాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు నేర్పే సిబ్బంది ఉంటారు. వాళ్ళ దగ్గరికి పంపమని టీచరే చెప్పేదాకా ఆగకుండా మీరే అడగొచ్చు.

6. వాట్సాప్ గ్రూపు

ఇది క్లుప్తంగా. గ్రూపులో అందరికీ సంబంధించినవే: సెలవు, ఫీజు తేదీ, రేపు తేవాల్సిన చార్టు. మీ పిల్ల సంగతి టీచరుకు విడిగా పెట్టండి. రాయడం కష్టమైతే నిమిషంలోపు వాయిస్ మెసేజ్. రాత్రి ఎనిమిది దాటాక ప్రాణం మీదికి వచ్చిన విషయమైతే తప్ప వద్దు, టీచరుకూ ఇల్లుంది, పిల్లలున్నారు. గుడ్‌మార్నింగ్ పూలు, రాజకీయ వీడియోలు వద్దే వద్దు, వాటి కింద రేపటి పరీక్ష టైంటేబుల్ మునిగిపోతుంది. టీచరు మీద కోపాన్ని గ్రూపులో కక్కకండి. అక్కడ పదిమంది తోడవుతారు, రాత్రి పదకొండు గంటలకల్లా స్క్రీన్‌షాట్ హెడ్మాస్టర్ దగ్గరుంటుంది, పొద్దున్నకి మాట్లాడుకునే దారి మూసుకుపోతుంది.

7. గొడవ వచ్చినప్పుడు

పిల్ల ఏడుస్తూ ఇంటికొచ్చి "టీచర్ నన్నే తిట్టింది" అంటే ముందు పూర్తిగా వినండి. మధ్యలో "నువ్వేం చేశావ్?" అనకండి, అలాగని "రేపు వస్తా, దాని సంగతి చూస్తా" అనీ అనకండి. విన్నాక మీకు తెలిసినవాటిని కాగితం మీద పెట్టండి: ఏ రోజు, ఏ పీరియడ్, ఎవరెవరున్నారు, పిల్ల ఏం చెప్పింది, మీకేం కావాలి. చివరిది చాలామంది మర్చిపోతారు. సీటు మార్చాలా, పేపర్ మళ్ళీ దిద్దాలా, క్లాసులో పెట్టిన వెక్కిరింపు పేరు మానేయాలా? ఏం కావాలో తెలియకుండా వెళ్తే అరుచుకోవడం తప్ప మిగలదు.

ముందు ఆ టీచరు దగ్గరికే వెళ్ళండి. మొదటి వాక్యం ఇలా ఉంటే మేలు: "మావాడు ఇలా చెప్పాడండీ. మీ వైపు నుంచి ఏం జరిగిందో తెలుసుకుందామని వచ్చాను." గేటు దగ్గర, మిగతా తల్లిదండ్రుల ముందు వద్దు. అక్కడ తేలకపోతే క్లాస్ టీచరు, ఆ తర్వాత హెడ్మాస్టరు (హెచ్ఎం). అక్కడికి వెళ్ళేటప్పుడు రాసిచ్చి, కాపీ మీద అందినట్టు సంతకం తీసుకోండి. ఇంకా తేలకపోతే మండల విద్యాధికారి. విద్యాహక్కు చట్టం 32వ సెక్షన్ ప్రకారం స్థానిక సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయొచ్చు. వాళ్ళు మూడు నెలల్లో తేల్చాలి.

ఈ వరస మామూలు గొడవలకు. పిల్లని గాయపడేలా కొట్టినా, ఎవరైనా లైంగికంగా వేధించినా ఏ వరసా పాటించకండి. 1098 చైల్డ్‌లైన్ పగలూ రాత్రీ పనిచేస్తుంది. పోలీసులకు వెళ్ళండి. "బడి పరువు", "పిల్ల భవిష్యత్తు" అని సర్దిచెప్పడానికి వచ్చేవాళ్ళ మాట వినొద్దు. లైంగిక వేధింపు అయితే 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్ళు ఎవరైనా ఫిర్యాదు చేయాల్సిందే, బడివాళ్ళతో సహా.

8. కమిటీలో మీ కుర్చీ ఖాళీగా వదలకండి

మాకిష్టమైతే పిలుస్తాం, లేకుంటే లేదు అనుకునే విషయం కాదు పేరెంట్స్ మీటింగ్. తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశమై హాజరు, నేర్చుకునే శక్తి, పురోగతి చెప్పడం టీచరు విధుల్లో ఒకటని విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్‌లోనే ఉంది. అంతకంటే బలమైనది 21వ సెక్షన్: బడికి యాజమాన్య కమిటీ, మన వాడుకలో ఎస్ఎంసీ. అందులో నాలుగింట మూడు వంతులు పిల్లల తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు. బడి పనితీరు చూడటం, అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం, వచ్చిన నిధులు ఎలా ఖర్చవుతున్నాయో గమనించడం కమిటీ పని. తెలంగాణలో 2024లో మహిళా సంఘాలతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వేసి, మరమ్మతులు, తాగునీరు, మరుగుదొడ్ల లాంటి పనులు వాటికి అప్పగించారు.

కాగితం మీద ఇంత ఉన్నా జరిగేది మీకూ తెలుసు. ఛైర్మన్ ఎవరో ముందే తేలిపోతుంది, తీర్మానాల పుస్తకం ఇళ్ళకు తిరిగి సంతకాలు పెట్టించుకుంటుంది. దీన్ని మార్చడానికి విప్లవమేమీ అక్కర్లేదు. ఎన్నిక రోజు మీ తరగతి తల్లిదండ్రులు వెళ్ళండి. గెలిచినవాళ్ళు మీటింగ్‌కు ముందు "ఈసారి ఏం అడగమంటారు?" అని మిగతావాళ్ళను అడిగి వెళ్ళాలి. చదవకుండా సంతకం పెట్టొద్దు. మొదటి ప్రశ్న డబ్బు గురించి కంటే ఆడపిల్లల మరుగుదొడ్డికి తలుపు గడియ ఉందా, నీళ్ళొస్తున్నాయా అన్నదైతే మంచిది. జవాబు కళ్ళతో చూసి తెలుసుకోవచ్చు, తెగే పని కూడా.

ప్రభుత్వ సాయం తీసుకోని ప్రైవేటు బడులకు ఈ 21వ సెక్షన్ వర్తించదు. అక్కడ పేరెంట్స్ మీటింగ్ యాజమాన్యం పద్ధతిని బట్టి నడుస్తుంది. అలాంటి చోట నలుగురైదుగురు తల్లిదండ్రులు కలిసి ఒకే కాగితం మీద అడిగితే ఒక్కరు అడిగినదానికంటే త్వరగా కదులుతుంది. ఫీజు విషయం, పిల్ల చదువు విషయం ఒకే మీటింగ్‌లో కలపకండి. కలిపితే ఫీజే మిగులుతుంది.

9. అమ్మానాన్నలు ఊళ్ళో లేకపోతే

ఆదోని, కోసిగి వైపు నుంచి మిర్చి కోతలకు గుంటూరు వైపు వెళ్ళే కుటుంబాలున్నాయి. ఇటుక బట్టీలకు వెళ్ళేవాళ్ళున్నారు. బయల్దేరేముందు టీచరుకు చెప్పకుండా వెళ్తే హాజరుపట్టీలో ఎర్ర ఇంకు పడుతూ పోతుంది, తిరిగొచ్చేసరికి పిల్ల పాఠాలు అందుకోలేక బడే మానేస్తుంది. ఎన్నాళ్ళు, ఎక్కడికి అని ఒక్క మాట చెప్పండి. పిల్లని ఇక్కడే ఉంచే వీలుంటే మీ ప్రాంతంలో వలస కుటుంబాల పిల్లలకు సీజనల్ హాస్టల్ తెరుస్తున్నారా అని అడగండి. తీసుకెళ్ళక తప్పకపోతే అక్కడి బడిలో కూర్చోబెట్టడానికి ఏ కాగితం కావాలో హెచ్ఎంను అడిగి పట్టుకెళ్ళండి.

అమ్మమ్మో తాతయ్యో చూసుకుంటుంటే మీటింగ్‌కు వాళ్ళే వెళ్తారు. "మాకేం తెలుసు బాబూ" అని వెనక బెంచీలో కూర్చుంటారు. మీరు గల్ఫ్‌లో ఉన్నా అమెరికాలో ఉన్నా ముందురోజు వీడియో కాల్‌లో పిల్లతో మాట్లాడి పై మూడు ప్రశ్నలూ కాగితం మీద రాయించి అమ్మమ్మ చేతిలో పెట్టించండి. టీచరును జవాబులు ఆ కాగితం మీదే రాసివ్వమని అడిగితే కాదనరు.

10. ఇది టీచర్లకు

తల్లిదండ్రుల నుంచి ఇంత ఆశించేటప్పుడు మనం చేయాల్సినవీ ఉన్నాయి. ముందు కుర్చీ. మనం కూర్చుని, తలపాగా తీసి చేతిలో పట్టుకున్న పెద్దాయనను నిలబెట్టి మాట్లాడితే ఆయన వినేది మన గొంతు మాత్రమే. ఏడాదిలో ఆ ఇంటికి మన నుంచి వెళ్ళే మొదటి ఫోను ఏదైనా మంచి విషయం చెప్పడానికై ఉండాలి. "ఈరోజు మీ అమ్మాయి బోర్డు మీద లెక్క చేసిందండీ" అన్న ఇరవై సెకన్ల కాల్ జూలైలో చేసి ఉంటే, నవంబర్లో ఫిర్యాదు చెప్పడానికి చేసిన కాల్‌కు ఆ ఇల్లు తలుపు తీస్తుంది.

మీటింగ్ పెట్టేటప్పుడు కూలికెళ్ళేవాళ్ళ రోజు పోకుండా సాయంత్రమో, ఊళ్ళో సంతకు సెలవు పెట్టే రోజో చూడండి. ఎఫ్ఏ టూలో (రెండో ఫార్మేటివ్ పరీక్షలో) బీ టూ గ్రేడు వచ్చిందని చెప్పి ఊరుకోకండి. ఆ పిల్ల ఏం చేయగలుగుతోంది, ఏం చేయలేకపోతోంది అన్నది తెలుగులో చెప్పండి: "కథ చదివి అర్థం చేసుకుంటోంది, సొంతంగా నాలుగు వాక్యాలు రాయమంటే ఆగిపోతోంది." మార్కులు అందరి ముందు పైకి చదవొద్దు. మీటింగ్‌కు రాని తల్లిదండ్రుల జాబితా చూసి "వీళ్ళకు శ్రద్ధ లేదు" అనుకునేముందు ఇద్దరికైనా ఫోన్ చేసి కారణం కనుక్కోండి. ఎక్కువగా వినపడేది కూలి, బస్సు లేకపోవడం, "ఇంగ్లీషులో అడుగుతారేమో" అన్న భయం.

11. ఏప్రిల్‌లో ఒక చిన్న పని

సెలవులు ఇచ్చేముందు, చివరి పరీక్ష పేపర్లు దిద్దడం అయ్యాక, క్లాస్ టీచరును ఇంకొక్కసారి కలవండి. ఈ ఏడాది పిల్లకి ఏది పనిచేసిందో, ఏది పనిచేయలేదో రెండు మూడు లైన్లు రాసివ్వమని అడగండి. కొట్లో ఖాతా పద్దుల్లా చెప్తే మైనస్ లెక్కలు వస్తున్నాయి, మొదటి బెంచీలో కూర్చోబెడితే నోరు విప్పుతుంది, పైకి చదవమంటే భయపడుతుంది, ఇలాంటివి. ఆ కాగితాన్ని ఆధార్ జిరాక్సులతో పాటు అదే కవర్లో పెట్టండి. బడి తెరిచాక రెండో వారంలో కొత్త క్లాస్ టీచరును కలిసేటప్పుడు చేతికివ్వండి.